జకర్యా పాడాల్సిన చోట

మా బ్యాండు పేరు 'మున్నేరు', మా ఊరి ఏటి పేరే. ఖమ్మంలో ఈ పేరు చెబితే అవతలివాళ్లు మొదట అడిగేది ఒకటే: "బారాత్‌కు ఎంత తీసుకుంటరు?" పెళ్లి బ్యాండు కాదు బాబూ అంటే, అయితే చావుకు వస్తారా అని అడిగినవాడు కూడా ఉన్నాడు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఫోన్ పెట్టేస్తున్నాను. పొద్దున్నుంచీ కోచింగ్ కాలేజీలో పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి గొంతు పోయినవాడికి ఇంతకంటే మర్యాద మిగలదు.

మాది ప్రోగ్రెసివ్ రాక్. భయపడకండి, పేరే అంత. ఒక్కో పాట పావుగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే సాగుతుంది. మధ్యలో తాళం మారుతుంది, రాగం మారుతుంది, వానలా మొదలైంది ఎండలా తేలుతుంది. సినిమా పాటలా నాలుగు నిమిషాల్లో తేల్చేసి చేతులు దులుపుకోవడం ఉండదు. పాట మొదలైనప్పుడు ఎసరు పెడితే అన్నం వార్చి కూర దించినా మీ పాట అవదురా నాయనా అని మా అమ్మ అనేది. బోనకల్లులో పొలం చేసుకునే మనిషి, ఆమె లెక్కలన్నీ అట్లాగే ఉండేవి.

ఇప్పుడు నేను చెప్పబోయేది మా డ్రమ్మర్ శాంతికుమార్ గురించి. వాడు ఖానాపురం హవేలిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టరు. మెడలో విజిల్ లేకుండా వాణ్ణి నేను చూసింది తక్కువ. మనిషి పొట్టి, మాట గట్టి. తాళం విషయంలో వాడితో వాదించి గెలిచినవాడు ఈ జిల్లాలో లేడు. వాడికి ఏడు దెబ్బల తాళమంటే పిచ్చి. ఆ పిచ్చి ఎంతదాకా పోయిందంటే, ఒక రిపబ్లిక్ డేకి స్కూలు పిల్లలకు కవాతు డ్రమ్ము ఏడు దెబ్బల్లో నేర్పాడు. మనిషికి కాళ్లు రెండే కదా! మొదటి చుట్టులో ఎడమ కాలి మీద పడ్డ దెబ్బ రెండో చుట్టుకు కుడి కాలి మీద పడింది. ముఖ్య అతిథి ముందుకు వచ్చేసరికి సగం మంది పిల్లలు గెంతుతున్నారు, మిగతా సగం ఒకళ్ల మడమలు ఒకళ్లు తొక్కుకుంటున్నారు. హెడ్‌మిస్ట్రెస్ కారాలు మిరియాలు నూరుతుంటే వీడు మాత్రం తొణకలేదు. "లెక్కల తప్పు లేదు మేడమ్, కాళ్లదే తప్పు," అన్నాడు.

అదీ వాడి తీరు. లోకమంతా వచ్చి వాడి లెక్కలో కలవాలే తప్ప, వాడు ఎవరి లెక్కలోకీ రాడు.

ఆ లెక్కలో మొదటినుంచీ ఇమిడినవాడు జకర్యా ఒక్కడే. ఇద్దరూ హాస్టల్లో ఒకే గదిలో చదువుకున్నారు. జకర్యాది భద్రాచలం దాటి దుమ్ముగూడెం రోడ్డులో, అడవి అంచున ఒక చిన్న ఊరు. ఖమ్మంలో ఒక దవాఖానాలో ఎక్స్‌రేలు తీసేవాడు. పాడితే ఆ గొంతు గదిలో ఉన్నట్టుండేది కాదు, ఎక్కడో ఏటి అవతలి నుంచి వస్తున్నట్టుండేది. పాటలు కూడా వాడే రాసేవాడు. కీబోర్డు మీద శాంతికుమార్ చెల్లెలు తబితా, గిటారు మీద నేను. శాంతికుమార్ ఇంటి డాబా మీది రేకుల గదే మా ప్రాక్టీస్ హాలు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించుకున్నా పక్కింటివాళ్ల తిట్లు ఆగలేదు.

పోయిన ఏడాది ఆగస్టులో జకర్యా చనిపోయాడు. డ్యూటీలో ఉండగానే గుండెపోటు. దవాఖానాలో ఉండి కూడా బతకలేదంటే ఏమనుకోవాలి? నాకు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను.

కొన్ని నెలలు మేము ఆ గది తలుపు తీయలేదు. తర్వాత శాంతికుమారే ఫోన్ చేశాడు. "రారా భాస్కర్, లాంచీ పాట వాయిద్దాం," అన్నాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. నాకు ఇంట్లో పెళ్లాం పిల్లలు, కాలేజీలో ఐదు సెక్షన్లు, తలనొప్పులు బోలెడు. వారమంతటిలో నేను నాలాగా ఉండేది ఆ రేకుల గదిలోనే. అది పోతే నాకు మిగిలేది ట్రిగొనామెట్రీ.

లాంచీ పాట మా అన్ని పాటల్లోకీ పెద్దది. వరద రోజుల్లో గోదావరి దాటుతున్న లాంచీ కథ. నడి ఏట్లో ఇంజను ఆగిపోతుంది. అక్కడ మా వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. శాంతికుమార్ మాత్రం డ్రమ్ము అంచు మీద పుల్లతో మెల్లగా ఏడు దెబ్బల తాళం కొడుతూ ఉంటాడు, దాని మీద జకర్యా ఒక్కడే పాడతాడు. అది అయ్యాక అందరం ఒక్కసారి విరుచుకుపడతాం. ఆ రోజు అక్కడిదాకా బాగానే వచ్చాం. నేను, తబితా ఆగాం. శాంతికుమార్ తాళం వేస్తున్నాడు. టక టక టక. పాడేవాడు లేడు. చరణాలన్నీ అయ్యేంతసేపు వాడు అట్లాగే కొట్టి, లెక్క పూర్తయ్యాక విరుచుకుపడ్డాడు. మేమూ అందుకున్నాం.

పాట అయ్యాక, "మరి ఆ చోట ఎవరు పాడతారు?" అని అడిగాను.

"ఎవ్వరు పాడరు. అది జకర్యా జాగా. గట్లనే ఉంటది," అన్నాడు.

మొదటిసారి నాకూ కళ్లు చెమర్చాయి. ఎంత స్నేహం అనుకున్నాను. కానీ వారం వారం అదే. ఆ ఖాళీలో నేను గిటారు పట్టుకుని నేల చూస్తూ నిలబడాలి. తబితా ముఖం పక్కకు తిప్పుకుని కూర్చోవాలి. మిగతా పాటలకూ అదే రూలు పెట్టాడు. రానురాను మేము ప్రాక్టీస్‌కు పోతున్నట్టు కాదు, ప్రతి ఆదివారం మళ్లీ సమాధి దగ్గరికి పోతున్నట్టు అయింది.

ఉండబట్టలేక నేను మనోజ్ఞను తీసుకొచ్చాను. మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే కొత్త లెక్చరరు, గొంతు మంచిది. ఫోన్‌లో మా పాత రికార్డింగు పంపితే లాంచీ పాట మొత్తం నేర్చుకుని వచ్చింది, ఏడు దెబ్బల లెక్కతో సహా. నడి ఏటి చోటు రాగానే ఎంతో చక్కగా ఎత్తుకుంది. ఒక్క చరణం పాడిందో లేదో, శాంతికుమార్ పుల్లలు కింద పెట్టేశాడు.

"తప్పు పాడలే నువ్వు. కానీ ఆ జాగా నీది కాదమ్మా," అన్నాడు.

ఆ పిల్ల మొహం మాడిపోయింది. బ్యాగు తీసుకుని మెట్లు దిగి స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. మర్నాడు స్టాఫ్ రూములో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను శాంతికుమార్ మీద ఒంటికాలి మీద లేచాను. "ఇది బ్యాండా, నీ సొంత శోకమా?" అని అడిగేశాను. "సంవత్సరీకం కూడికకు వాయించి బందు చేద్దాం. ఇంక నావల్ల కాదు," అన్నాడు వాడు, విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ. అంటే ఆ గది కూడా ఇక లేనట్టే.

ఊళ్లో చేసే సంవత్సరీకం ప్రార్థన కూడికకు పిలవడానికి జకర్యా భార్య సంపూర్ణ వచ్చింది. భర్త పోయాక పిల్లవాణ్ణి తీసుకుని ఊరికి వెళ్లిపోయి, అక్కడే అంగన్‌వాడీలో చేస్తోంది. మేము ప్రాక్టీస్‌లో ఉన్నాం. గుమ్మంలో నిలబడి మొత్తం విన్నది, ఆ ఖాళీతో సహా.

"ఇదేంది అన్నా? మధ్యల గట్ల ఎందుకు ఆపిండ్రు?" అని అడిగింది.

"మన జకర్యా కోసం, చెల్లె," అన్నాడు శాంతికుమార్.

ఆమె కూడిక ఏ రోజో మాత్రం చెప్పింది. తబితా టీ పెడతానంటే వద్దని, బస్సు పోతుందని దిగి వెళ్లిపోయింది. ఆమెకు అది నచ్చలేదని నాకూ తబితాకూ అర్థమైంది. శాంతికుమార్‌కు మాత్రం కాలేదు. వాడు కళ్లు తుడుచుకుంటున్నాడు.

కూడిక రోజు డ్రమ్ములు, స్పీకర్లు ఒక వ్యానులో వేసుకుని పొద్దున్నే బయల్దేరాం. కొత్తగూడెం దాటాక వాన పట్టుకుంది. భద్రాచలం వంతెన మీద గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది. ఊరు చేరేసరికి మా ప్రాణాలు కడగట్టాయి. ప్రార్థన మందిరం రేకుల షెడ్డు, కింద చాపలు, ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు. వెనకాల బిర్యానీ ఉడుకుతోంది. వచ్చినవాళ్లలో చుట్టుపక్కల గూడేల వాళ్లు చాలామంది, వాళ్లలో వాళ్లు కోయ భాషలో మాట్లాడుకుంటున్నారు. మా డ్రమ్ముల్ని, వైర్లను చూసి కొందరు వెనక్కి జరిగి కూర్చున్నారు.

పాస్టర్ గారు వాక్యం చెప్పాక మమ్మల్ని పిలిచారు. లాంచీ పాట మొదలుపెట్టాం. జనం నోరెళ్లబెట్టి చూశారు గానీ లేచిపోలేదు. నడి ఏటికి వచ్చాం. నేను ఆగాను, తబితా ఆగింది. షెడ్డులో శాంతికుమార్ కొట్టే టకటక, పైన రేకుల మీద వాన, అంతే.

పాట అయిపోయిందనుకున్నారు పాస్టర్ గారు. అనుకోరా మరి? ఆయన లేచి మైకు పట్టుకుని, "వాయిద్యాలతో మన సహోదరుణ్ణి జ్ఞాపకం చేసిన బిడ్డలకు వందనాలు. తలలు వంచి ప్రార్థన చేసుకుందాం," అన్నారు. షెడ్డు షెడ్డంతా తలలు వంచి కళ్లు మూసుకుంది.

శాంతికుమార్ వైపు చూశాను. వాడు ఆపలేదు. ప్రార్థన ఒక పక్క, టకటక ఒక పక్క. వాడి లెక్క పూర్తయితే ఏమవుతుందో నాకు తెలుసు. వద్దురా, వద్దురా అని కళ్లతో బతిమాలాను. వాడు నావైపు చూస్తే కదా! పాస్టర్ గారు "విధవరాలైన మా సహోదరిని ఆదరించుము" అంటున్నారు. సరిగ్గా అప్పుడు వాడు ఉన్న బలమంతా పెట్టి విరుచుకుపడ్డాడు.

షెడ్డు అదిరిపోయింది. ఒక ముసలమ్మ "ప్రభువా!" అని పక్కామె మీద పడింది. పసిపిల్లలు కెవ్వుమన్నారు. పాస్టర్ గారి చేతిలో మైకు కింద పడి కీచుమంది. మగవాళ్లలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వు వినగానే శాంతికుమార్ చేతులు ఆగిపోయాయి. పాట మధ్యలో వాడి చేతులు వాటంతట అవే ఆగిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. వాడి ముఖం చూస్తే నా కోపమంతా ఏమైపోయిందో తెలియదు. స్నేహితుడికి గౌరవం చేద్దామని వచ్చి, స్నేహితుడి ఊళ్లో, స్నేహితుడి జనం ముందు నవ్వులపాలయ్యాడు. వాడు స్టూలు మీంచి లేవబోయాడు. అయిపోయింది, బ్యాండు ఇక్కడితో సరి అనుకున్నాను.

అప్పుడు చాప మీంచి సంపూర్ణ లేచి నిలబడింది. పాడలేదు. మామూలు మాటల్లో, గట్టిగా, గబగబా అన్నది:

"ఒడ్డు కానరాదు, కేక వినబడుతుంది!"

అది నడి ఏటి చోటుకు జకర్యా రాసిన చరణం. ఆ ఊళ్లో పాట పాడే పద్ధతి వేరు. పెద్దవాళ్లలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. అందుకని ఒకరు లేచి చరణాన్ని మాటల్లో అందిస్తారు, మిగతా అందరూ దాన్ని రాగంలో పాడతారు. అందించింది తెలిసిన పాటా, కొత్త పాటా అని ఎవరూ చూడరు. అందిన చరణాన్ని కింద పడనివ్వడం వాళ్లకు తెలియదు. సంపూర్ణ అందించింది, షెడ్డంతా అందుకుంది.

మా రాగం వాళ్లకు తెలియదు కదా. వాళ్లకు తోచిన రాగంలో ఎత్తుకున్నారు. ఆడవాళ్లు పైకి, మగవాళ్లు కిందికి, ముసలివాళ్లు వెనకాల ఈడ్చుకుంటూ. అందులో ఏడు లేదు, నాలుగూ లేదు. ఊపిరి ఉన్నంతదాకా సాగదీయడం, ఊపిరి అయిపోయిన చోట ఆగడం. సంపూర్ణ రెండో చరణం అందించింది:

"పేరు పెట్టి పిలిచేది, అవతలి మనిషే!"

తబితా వాళ్ల శ్రుతి వెతుక్కుని కీబోర్డు మీద మెల్లగా పట్టింది. నేను తడుముకుంటూ ఆమె వెంట పోయాను. శాంతికుమార్ సగం లేచినవాడు అట్లాగే ఉండిపోయాడు. లేచి పోతాడా, కూర్చుంటాడా అని నేను చూస్తున్నాను. మూడో చరణానికి వాడు కూర్చున్నాడు. కాలితో పెద్ద డ్రమ్మును ఒక్కసారి తొక్కాడు. తప్పింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ తప్పింది. జనం వాడి కోసం ఆగలేదు. అప్పుడు వాడు డ్రమ్ముల మీంచి కళ్లెత్తి ఎదురుగా ఉన్న జనం నోళ్లవైపు చూడడం మొదలుపెట్టాడు. వాళ్లు ఊపిరి తీసుకుంటే ఆగాడు, వాళ్లు ఎత్తుకుంటే కదిలాడు. వాడు ఇంకొకరి వెంట నడవడం నేను అదే మొదటిసారి చూడటం. నేను గిటారు వాయిస్తూ ఏడ్చేశాను. సిగ్గు కూడా పడలేదు.

భోజనాల వేళ వాడు కనపడకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. షెడ్డు వెనక చూరు కింద, విస్తరాకుల కట్టల పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నాకంటే ముందే సంపూర్ణ అక్కడికి వచ్చి నిలబడి ఉంది.

"నేను ఆయన పరువు తీసిన, చెల్లె. మాఫ్ చెయ్," అన్నాడు వాడు.

"పరువు గిరువు ఏం పోలే," అంది ఆమె. కాసేపు వాన చూసి మళ్లీ అంది: "అన్నా, ఇంట్ల ఆయన కూసునే కుర్చీ ఉంది గద. ఆయన పోయినంక కొన్నొద్దులు దాన్ని ఎవ్వర్ని ముట్టనియ్యలే నేను. ఒకనాడు డ్యూటీ చేసినట్టు దానికి కావలి గూడ కూసున్న. ఇప్పుడు నా కొడుకు దాంట్ల కూసోని సదువుకుంటుండు. లేవుమని అన్ననా? నా కడుపు కాలదా? ఆయన మీద నీకున్నది ప్రేమ, నాకు లేదా?"

శాంతికుమార్ మెడలోని విజిల్ తాడును వేళ్లకు చుట్టుకున్నాడు.

"ఖాళీ పెడితే అది ఆయన జాగా కాదన్నా. ఉత్త ఖాళీ. ఆయన ఉన్నప్పుడు మీ పాటల ఎన్నడన్న ఖాళీ ఉండెనా?" అంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "లేవుండ్రి, అన్నం చల్లగైతుంది," అని లోపలికి వెళ్లింది.

తిరుగు ప్రయాణమయ్యాం. వాన వెలిసింది. భద్రాచలంలో వంతెన ఎక్కేముందు టీ కోసం ఆగాం. శాంతికుమార్ గ్లాసు ముట్టుకోకుండా, "ఆ పిల్ల నంబర్ ఉందా?" అని అడిగాడు.

"ఏ పిల్ల?" అన్నాను. తెలిసే అడిగాను. అంత తొందరగా వదిలిపెడతానా వాణ్ణి?

"ఏ పిల్ల ఏందిరా! పాడే పిల్ల."

నంబరు కలిపి ఇచ్చాను. వాడు ఫోన్ చెవికి కొంచెం దూరంగా పట్టుకుంటాడు, ప్రతి మాటా మాకు వినపడుతోంది. "అమ్మా, నేను డ్రమ్ముల శాంతికుమార్‌ను. ఆనాడు నువ్వు మంచిగనే పాడినవ్. నేనే మంచిగ లేకుంటి. మనసుల పెట్టుకోకు," అన్నాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక ఆ రోజుకు ముందు ఎవరికైనా ఇట్లాంటి మాట చెప్పి ఉంటాడని నేననుకోను.

అవతల మనోజ్ఞ అంది: "పర్వాలేదు సార్. కానీ మళ్లీ రావాలంటే భయంగా ఉంది. నేను ఎంత ప్రయత్నించినా జకర్యా గారిలా పాడలేను."

"ఆయన తీరు వద్దమ్మా. నీ తీరు నువ్వు పాడు. మేమే నీ ఎంబడి వస్తం."

తబితా టీ తాగడం ఆపి అన్నవైపు తిరిగింది. అన్న నోట ఆ మాట వస్తుందని ఆమె కూడా ఎన్నడూ అనుకోలేదు.

"ఆదివారం ఎన్నింటికి రమ్మంటారు సార్?" అని అడిగింది మనోజ్ఞ.

వాడు ఫోన్ నా చేతిలో పెట్టి నదివైపు తిరిగి నిలబడ్డాడు.

"నాలుగింటికమ్మా," అని నేనే చెప్పాను.